గోళ్లు ఊడిన కొండల్లో సెలీనియం రాజధాని

చైనాలోని ఎన్‌షి ప్రాంతంలో ఒక పక్క పల్లెలు సెలీనియం అనే ఖనిజం ఎక్కువై మంచాన పడితే, మరో పక్క పల్లెలు అదే సెలీనియం చాలక గుండె జబ్బుతో కుదేలయ్యాయి. ఇవాళ ప్రపంచమంతా అమ్ముడవుతున్న సెలీనియం మాత్రల మోతాదు లెక్క వెనక ఈ కొండల కథ ఉంది.

2018 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ వుహాన్ వెళ్లినప్పుడు అక్కడి ఈస్ట్ లేక్ ఒడ్డున చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆయనకు రెండు రకాల టీ రుచి చూపించారు. ఒకటి ఎన్‌షి యూలు అనే గ్రీన్ టీ. కోసిన ఆకును మూకుడులో వేయించకుండా ఆవిరిమీద ఉడికించి తయారుచేస్తారు. రెండోది లిచువాన్ హాంగ్ అనే ఎర్రటి టీ. రెండూ హుబెయ్ ప్రావిన్స్ నైరుతి మూలన ఉన్న ఒకే కొండసీమ నుంచి వచ్చినవి. ఆ సీమ పేరు ఎన్‌షి తుజియా, మియావ్ స్వయంప్రతిపత్తి ప్రాంతం. ఆరోజు వార్తలన్నీ రెండు దేశాల సరిహద్దు గురించే సాగాయి. ఆ రెండు టీల ఊళ్ల మధ్య ఉన్న మరో సరిహద్దు మాత్రం భూగర్భ శాస్త్రవేత్తలకు, పోషకాహార నిపుణులకే తెలుసు. అది సెలీనియం సరిహద్దు.

రైలు సొరంగాల దారిలో

విస్తీర్ణం చూస్తే ఎన్‌షి మన ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా పెద్దది, దాదాపు 24 వేల చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 34 లక్షలు. ఎన్‌షి, లిచువాన్ అనే రెండు పట్టణ పరిధులు, వాటికి తోడు ఆరు కౌంటీలు. ఎటు చూసినా సున్నపురాయి కొండలు, లోయలు, గుహలు. 2010 డిసెంబరులో యిచాంగ్–వాన్‌జౌ రైలుమార్గం తెరిచేదాకా బయటివాళ్లు ఇక్కడికి రావడమే కష్టం. 377 కిలోమీటర్ల ఆ లైనులో దాదాపు ముప్పాతిక భాగం వంతెనలమీద, సొరంగాల్లో నడుస్తుంది. చైనా వేసిన రైలుమార్గాల్లో అత్యంత కష్టమైన వాటిలో ఒకటిగా దానికి పేరు.

రైలు వచ్చాక పర్యాటకులు వచ్చారు. ఎన్‌షి గ్రాండ్ కాన్యన్‌లో నిలువుగా నిలబడ్డ రాతిస్తంభాలు చూస్తారు. లిచువాన్ దగ్గర చింగ్ జియాంగ్ నది కొండలోకి దూకి మాయమయ్యే చోట టెంగ్‌లాంగ్ గుహ చూస్తారు. ఆ గుహ ముఖద్వారమే 70 మీటర్లకు మించిన ఎత్తు. లిచువాన్ పరిధిలోని మోదావోలో మెటాసెకోయా మహావృక్షం ఉంది. శిలాజాల్లోనే మిగిలిందనుకున్న ఈ జాతి చెట్టు 1940ల్లో ఇక్కడ సజీవంగా కనిపించి వృక్షశాస్త్రజ్ఞులను నివ్వెరపరిచింది. తుజియాల ఇళ్లు వాలు నేలమీద గుంజలెత్తి కట్టిన చెక్క ఇళ్లు. వారి వంటల్లో సోయాగింజలు రుబ్బి ఆకుకూర కలిపి ఉడికించే హెజా ఒకటి. దానికి తోడు మొక్కజొన్న, చిన్నచిన్న బంగాళదుంపలు. వరి పండే చదునైన నేల తక్కువ కాబట్టి కొండవాలు మొక్కజొన్నే తరతరాలుగా పేదవాడి కడుపు నింపింది. అసలు కథ ఆ మొక్కజొన్నలోనే ఉంది.

1963, యూటాంగ్బా

1960ల మొదట్లో ఈ ప్రాంతాన్ని కరవు పట్టింది. వరి పోయింది. జనం మొక్కజొన్న, ఆకుకూరలు ఎక్కువగా తిన్నారు. మాంసకృత్తులు దొరికే తిండి బాగా తగ్గిపోయింది. ఆ కరవులో షాది, షిన్‌టాంగ్, షువాంగ్‌హె చుట్టుపక్కల పల్లెల్లో వింత జబ్బు ముదిరింది. జుట్టు ఎండి, పెళుసెక్కి, మొదట్లోనే తెగిపోయేది. మళ్లీ మొలిస్తే రంగు లేకుండా మొలిచేది. గోళ్లమీద తెల్లమచ్చలు, నిలువు చారలు పడి, చివరికి గోళ్లే ఊడిపోయేవి. చర్మంమీద పుండ్లు లేచేవి, పళ్లు గారపట్టేవి. జబ్బు ముదిరినవారికి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కేవి, కొందరికి పక్షవాతం వచ్చేది. పశువుల గిట్టలు, వెంట్రుకలు కూడా రాలాయి.

జబ్బు ఉధృతంగా ఉన్న కాలం 1961 నుంచి 1964 వరకు. బాగా దెబ్బతిన్న ఐదు పల్లెల్లో కలిపి 248 మంది ఉంటే, వారిలో దాదాపు సగం మందికి జబ్బు సోకింది. యూటాంగ్బా అనే చిన్న పల్లెలో ఉన్న 23 మందిలో 19 మందికి జుట్టు, గోళ్లు పోయాయి. 1963లో ఆ ఊరివాళ్లు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

ఊరి పక్కనే దొరికే నల్లటి రాయిలో ఉంది కారణం. దాన్ని అక్కడివాళ్లు రాతిబొగ్గు అంటారు. దాదాపు 26 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగంలో, సముద్రం అడుగున పేరుకున్న నల్ల బురద అలా గట్టిపడింది. ఆ బొగ్గులో పది లక్షల పాళ్లకు సగటున 300 పాళ్లకు మించి సెలీనియం ఉంది. ఒక నమూనాలో 80 వేల పాళ్లకు పైగా తేలింది, అంటే నూటికి ఎనిమిది పాళ్లు. యూటాంగ్బాలో కాలిన రాతిబొగ్గు కుప్పల మధ్య సెలీనియమే సూదుల్లాంటి స్ఫటికాలుగా దొరుకుతుంది. మామూలుగా పరిశ్రమలకు సెలీనియం రాగి శుద్ధి చేసేటప్పుడు మిగిలే మడ్డి నుంచి వస్తుంది. ఇక్కడ సెలీనియానికే ప్రత్యేకంగా ఒక నిక్షేపం ఉండటం ప్రపంచంలో చాలా అరుదు.

రాయిలో ఉన్నంత మాత్రాన కంకిలోకి రావాలని లేదు. ఎండకు వానకు ఆ రాయి చివికి సెలీనియం మట్టిలో కలిసింది. రైతులు తరతరాల అలవాటు ప్రకారం పొలాలకు సున్నం వేసేవారు. సున్నంతో మట్టి పులుపు తగ్గి క్షారగుణం పెరుగుతుంది. అలాంటి నేలలో సెలీనియం నీటిలో తేలిగ్గా కరిగే సెలినేట్ రూపంలోకి మారుతుంది. రసాయన లక్షణాల్లో సెలీనియం గంధకానికి దగ్గరి బంధువు. వేరు ఆ రెంటికీ తేడా పట్టలేక, సల్ఫేట్‌ను లాక్కునే దారిలోనే సెలినేట్‌నూ లోపలికి తీసుకుంటుంది. పంట బాగా పండాలని వేసిన సున్నమే విషానికి దారి తీసింది.

నేలలోని ఖనిజం ఒంట్లోకి దిగితే ఏమవుతుందో నల్గొండ, కనిగిరి ఫ్లోరైడ్ పల్లెలు చూసిన మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఒకటే. ఫ్లోరైడ్ ముఖ్యంగా తాగే నీటితో వస్తుంది, సెలీనియం తినే తిండితో వస్తుంది. బావి మారిస్తే సరిపోదు, కంచంలో పడేదే మారాలి.

కొండకు అవతల పక్క

ఎన్‌షి వాయవ్య దిక్కున, లిచువాన్ వైపు, నేల రంగూ వయసూ మారతాయి. అక్కడివి జురాసిక్ యుగపు ఇసుకరాళ్లు. వాటిలో సెలీనియం చాలా తక్కువ. ఆ రాళ్లమీది పల్లెల్లో కనిపించింది కేషాన్ వ్యాధి. ఇది గుండె కండరాన్ని కుళ్లబెట్టే జబ్బు. పిల్లలకు, పిల్లలను కనే వయసు ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చేది. విషం ఎక్కిన పల్లెలకూ లోటుతో బాధపడ్డ పల్లెలకూ మధ్య దూరం కొన్నిచోట్ల 20 కిలోమీటర్లే. ఒకే వాన, ఒకే భాష, ఒకే వంట. మారిందల్లా కాళ్లకింది రాయి.

వ్యాధికి ఆ పేరు ఈశాన్య చైనాలోని హెయిలాంగ్‌జియాంగ్ ప్రావిన్స్‌కు చెందిన కేషాన్ కౌంటీ నుంచి వచ్చింది. 1935 చలికాలంలో అక్కడ ఈ జబ్బు విరుచుకుపడింది. తర్వాత మ్యాపుమీద గుర్తులు పెడితే, ఈశాన్యం నుంచి నైరుతిదాకా చైనాను అడ్డంగా కోస్తూ సాగిన ఒక పట్టీ కనిపించింది. ఆ పట్టీ పొడవునా నేలలో, ధాన్యంలో, జనం జుట్టులో సెలీనియం తక్కువే.

ఆ లోటుకూ జబ్బుకూ సంబంధం ఉందన్న అనుమానం రుజువైంది సిచువాన్‌లోని మియాన్నింగ్ కౌంటీలో. 1974లో అక్కడి పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వారానికోసారి సోడియం సెలినైట్ మాత్ర, రెండో జట్టుకు ఉత్త మాత్ర. ఆ ఏడాది ఉత్త మాత్ర వేసుకున్న 3,985 మందిలో 54 మందికి జబ్బు వచ్చింది. సెలీనియం వేసుకున్న 4,510 మందిలో పదిమందికే వచ్చింది. మరుసటి ఏడాదీ అదే తీరు. ఒక జట్టును ఉత్త మాత్రతోనే ఉంచడం సరికాదని తేలాక పిల్లలందరికీ సెలీనియం ఇచ్చారు.

అయితే సెలీనియం లోటు ఒక్కటే ఆ జబ్బుకు కారణం కాదు. కేషాన్ వ్యాధి రుతువును బట్టి, ఏడాదిని బట్టి పెరిగేది, తగ్గేది. సూక్ష్మజీవి పాత్ర ఉందన్న అనుమానం అలా పుట్టింది. 1995లో అమెరికా పరిశోధకులు మెలిండా బెక్, ఓర్విల్ లెవాండర్ బృందం ఎలుకలమీద చేసిన ప్రయోగం ఆ అనుమానానికి బలం ఇచ్చింది. గుండెకు హాని చేయని కాక్సాకీ వైరస్ రకాన్ని సెలీనియం లేని ఎలుకల్లోకి ఎక్కిస్తే, ఆ వైరస్ జన్యువులే మారిపోయి గుండెను దెబ్బతీసే రకంగా తయారైంది. పోషకం లోపిస్తే మనిషి బలహీనపడటమే కాకుండా లోపల చేరిన వైరస్ కూడా బలపడవచ్చన్న ఆలోచన అప్పటికి కొత్తది. చైనాలో ఆదాయాలు పెరిగి, బయటి ఊళ్ల ధాన్యం, మాంసం, గుడ్లు కంచంలోకి వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది.

ఒంట్లో దీని పని

సెలీనియంతో శరీరానికి అంత అవసరం ఏమిటి? 1957 దాకా దీన్ని విషంగానే చూసేవారు. ఆ ఏడాది క్లాస్ స్వార్జ్, కాల్విన్ ఫోల్ట్స్ అమెరికాలో చేసిన ప్రయోగాల్లో, ఎలుకల కాలేయం కుళ్లకుండా కాపాడుతున్న పదార్థంలో సెలీనియం ఉందని తేలింది. 1973లో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ మధ్యలో సెలీనియం ఉందని బయటపడింది. కణాల్లో పుట్టే పెరాక్సైడ్లు కణపు పొరలను కాల్చేయకుండా వాటిని మామూలు నీరుగా మార్చే ఎంజైమ్ అది.

మనిషి జన్యువుల్లో సెలీనియం ఉన్న ప్రొటీన్లను తయారుచేసేవి 25 ఉన్నాయి. వాటిలో సెలీనియం సెలెనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంగా కూర్చుని ఉంటుంది. ప్రొటీన్లకు మామూలుగా వాడే 20 అమైనో ఆమ్లాల తర్వాత 21వదిగా దీన్ని లెక్కిస్తారు. థైరాయిడ్ గ్రంథి వదిలే టీ4 హార్మోను కణాల్లో పనిచేసే టీ3గా మారాలంటే సెలీనియం ఉన్న ఎంజైములే కావాలి. అందుకే గ్రాముకు ఎంత అని చూస్తే, శరీరంలో సెలీనియం ఎక్కువగా దాచుకునే అవయవాల్లో థైరాయిడ్ ముందుంటుంది. వీర్యకణాల తయారీకి, రోగనిరోధక శక్తికి కూడా ఇది అవసరం.

ఇన్ని పనులకు కావలసింది చాలా తక్కువ. పెద్దవాళ్లకు రోజుకు 55 మైక్రోగ్రాములు చాలని అమెరికా, 60 అని చైనా చెబుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశానికి సూచించింది 40. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములు ఉంటాయని గుర్తుంచుకుంటే ఎంత కొంచెమో తెలుస్తుంది.

మాత్రల సీసామీద ఎన్‌షి లెక్క

బీజింగ్ నుంచి వచ్చిన యాంగ్ గ్వాంగ్‌చి బృందం ఈ కొండల్లో ఏళ్ల తరబడి జనం తిండి, రక్తం, జుట్టు పరీక్షించింది. 1983లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో అచ్చయిన వారి వ్యాసంలో నాలుగు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. కేషాన్ వ్యాధి ప్రాంతంలో మనిషి రోజుకు తినే సెలీనియం 11 మైక్రోగ్రాములు. బీజింగ్‌లో 116. సెలీనియం ఎక్కువున్నా జబ్బు కనిపించని చోట 750. గోళ్లు ఊడిన పల్లెల్లో 4,990. అతి తక్కువకూ అతి ఎక్కువకూ నాలుగు వందల రెట్లకు పైగా తేడా. ఇంత తేడా ఒకే దేశంలో, అదీ పొలంలో పండిన తిండితోనే రావడం పోషకాహార చరిత్రలో అపురూపం.

తర్వాత అదే బృందం, గోళ్లు పాడైన ఐదుగురిని కొన్నేళ్లు గడిచాక మళ్లీ పరీక్షించింది. వారు తినే సెలీనియం రోజుకు సుమారు 800 మైక్రోగ్రాములకు తగ్గింది, గోళ్లు బాగుపడ్డాయి. 2000లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రోజువారీ గరిష్ఠ పరిమితిని నిర్ణయించేటప్పుడు ఆ 800నే తీసుకుంది. జాగ్రత్త కోసం రెండుతో భాగించి, 400 దగ్గర గీత గీసింది. ఆ 400 వెనక ఉన్నది కరవులో మొక్కజొన్న తిని బతికిన ఎన్‌షి రైతుల చేతివేళ్లు.

ఆ తర్వాత గీత ఇంకా కిందికి జరిగింది. 35,533 మంది మగవాళ్లతో అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలలో సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష జరిగింది. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ప్రొస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందా అని చూశారు. ఆపడం లేదని తేలి 2008లో మాత్రలు నిలిపేశారు. వారిలో ఎక్కువమందికి తిండితోనే సరిపడా సెలీనియం అందుతోంది. పైగా మాత్ర వేసుకున్నవారిలో జుట్టు రాలడం కొంత ఎక్కువగా కనిపించింది. ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకుని 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ గరిష్ఠ పరిమితిని 255 మైక్రోగ్రాములకు కుదించింది. మరో పాత పరీక్ష లెక్కలు తిరగేస్తే, 200 మైక్రోగ్రాములు ఏళ్ల తరబడి వేసుకున్నవారిలో మధుమేహం ఎక్కువగా కనిపించింది. తయారీలో పొరపాటు జరిగితే ఎన్‌షి జబ్బు ఎక్కడైనా రాగలదు. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంటులో రాసిన దానికన్నా 200 రెట్లు సెలీనియం పడింది. పది రాష్ట్రాల్లో 201 మందికి విషం ఎక్కింది, చాలామందికి జుట్టు ఊడింది, గోళ్లు పాడయ్యాయి.

విషం పోయి వ్యాపారం వచ్చె

ఇప్పుడు ఎన్‌షి తన పాత జబ్బు పేరునే పెట్టుబడిగా మార్చుకుంది. 2011లో సూక్ష్మ మూలకాల పరిశోధకుల అంతర్జాతీయ సదస్సు ఇక్కడే జరిగింది. ఆ సదస్సే ఎన్‌షికి ‘ప్రపంచ సెలీనియం రాజధాని’ అన్న బిరుదు ఇచ్చింది. ఆ మాట ఇవాళ టీ పొట్లాలమీద, నీళ్ల సీసాలమీద, బంగాళదుంపల సంచులమీద, గుడ్ల అట్టపెట్టెలమీద కనిపిస్తుంది. సెలీనియం తక్కువున్న చైనా పట్టణాల్లో దీనికి గిరాకీ ఉంది. యూటాంగ్బా పరిసరాల్లో పెరిగే ఆవజాతి చిన్న మొక్క ఒకటి నేలలోని సెలీనియాన్ని అసాధారణ స్థాయిలో పీల్చుకుంటుందని తేలింది. ఒకప్పుడు జనాన్ని ఊరు వదిలేలా చేసిన నేలలోంచి ఇప్పుడు అలాంటి మొక్కలను పోషక పొడులకు ముడిసరుకుగా చూస్తున్నారు.

ఈ వ్యాపారంలో ఒక చిక్కుముడి ఉంది. టీ ఆకులో ఎంత సెలీనియం ఉన్నా ఎక్కువ భాగం ఆకులోనే ఉండిపోతుంది, కప్పులోకి దిగేది కొంచెమే. కాబట్టి సెలీనియం టీ తాగి విషం ఎక్కించుకోవడం కష్టం, లోటు తీర్చుకోవడమూ కష్టమే. మొక్కజొన్న, ఆకుకూరల సంగతి వేరు. 2010 తర్వాత జరిగిన పరిశోధనల్లో కూడా ఎన్‌షిలోని కొన్ని పల్లెల్లో రోజువారీ సెలీనియం 400 మైక్రోగ్రాములు దాటే ఉంది. పల్లెలో పండిందే తినేవారికి అది మోతాదు ప్రశ్న, ఊరికి దూరంగా కొని తినేవారికి అది ప్రచారం.

మన కంచం సంగతి

ఎన్‌షి లాంటి నేల మన దేశంలోనూ ఉంది. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని పల్లెల పొలాల్లో గోధుమలో, గడ్డిలో సెలీనియం ఎక్కువగా చేరి పశువుల గిట్టలు, కొమ్ములు దెబ్బతిన్నాయి. కొందరు మనుషుల జుట్టు, గోళ్లలోనూ ఆ ఛాయలు కనిపించాయి. శివాలిక్ కొండల నుంచి వరదలు మోసుకొచ్చిన ఒండ్రుమట్టే దానికి మూలం. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడ ఒక విరుగుడు చూపించింది. పొలానికి జిప్సం వేస్తే అందులోని సల్ఫేట్ సెలినేట్‌తో పోటీపడి పంటలోకి సెలీనియం చేరడాన్ని తగ్గిస్తుంది. ఎన్‌షిలో సున్నం తెరిచిన తలుపును పంజాబ్‌లో జిప్సం సగం మూసింది.

ఫిన్లాండ్ కథ దీనికి ఎదురు. అక్కడి నేలలో సెలీనియం తక్కువ. 1984 నుంచి ఆ దేశం ఎరువుల్లోనే సోడియం సెలినేట్ కలుపుతోంది. మాత్రల జోలికి పోకుండా గోధుమలోకి, పాలలోకి దాన్ని చేర్చుకుని, జనం రక్తంలో ఎంత ఉందో ఏటా చూసుకుంటూ ఎరువులో దాని మోతాదు సవరించుకుంటోంది. మందుల దుకాణం పనిని మొక్కకు అప్పగించడమే అక్కడి తెలివి. మొక్క అందించేది నెమ్మదిగా, కొద్దికొద్దిగా చేరుతుంది, మోతాదు అదుపులో ఉంటుంది.

ఇక మనం. చేపలు, గుడ్లు, మాంసం, కాలేయం తినేవారికి సాధారణంగా సెలీనియం లోటు పడదు. కేవలం ధాన్యం, పప్పులతో బతికేవారికి ఆ ధాన్యం ఏ నేలలో పండిందన్నదే లెక్క. ఒకే రకం బియ్యం రెండు నేలల్లో పండితే సెలీనియం విషయంలో రెండు వేరు తిండ్లే. పోషకాహార పట్టికల్లో ఉండే అంకె సగటు మాత్రమే, మీ కంచంలోది కాదు. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపే బ్రెజిల్ నట్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఆరేడు గింజల్లో, అంటే ఒక ఔన్సులో, 500 మైక్రోగ్రాములకు పైగా ఉండవచ్చు. రోజుకో గింజ చాలు, గుప్పెడు తినే సరుకు కాదు.

థైరాయిడ్‌కని, జుట్టుకని, రోగనిరోధక శక్తికని ఇప్పుడు మందుల షాపుల్లో సెలీనియం మాత్రలు సులువుగా దొరుకుతున్నాయి. జుట్టు రాలుతోందని వేసుకునే మాత్ర మోతాదు మించితే జుట్టునే రాలుస్తుందన్న సంగతి సీసామీద ఉండదు. మల్టీవిటమిన్‌లో కొంత, థైరాయిడ్ సప్లిమెంటులో కొంత, ప్రొటీన్ పొడిలో కొంత కలిసి చేరితే మొత్తం ఎంతైందో ఎవరూ కూడి చూసుకోరు. కాబట్టి డబ్బా వెనక అంకెలు కలిపి చూసి, రక్తపరీక్షలోనో డాక్టరు మాటలోనో లోటు ఉందని తేలితేనే మొదలుపెట్టడం మేలు. 11 దగ్గర గుండెలు ఆగాయి, 4,990 దగ్గర గోళ్లు ఊడాయి. ఆ రెండు అంకెల మధ్య తాము ఎక్కడ ఉన్నారో తెలియకుండా బతికినందుకే ఎన్‌షి రైతులు బాధపడ్డారు. తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకుండా మాత్ర మింగడానికి మనకు మాత్రం సాకు లేదు.